"పసుపే కదా" అనేముందు: పోపుల పెట్టెకూ మందు సీసాకూ మధ్య దూరం

దుగ్గిరాల యార్డు నుంచి వచ్చిన పసుపు కొమ్మును విరిస్తే లోపల ముదురు నారింజ రంగు కనిపిస్తుంది. ఆ రంగు కుర్కుమిన్‌ది, దానికి తోబుట్టువుల్లాంటి మరో రెండు పదార్థాలది. వంద గ్రాముల పసుపు పొడిలో ఈ మూడూ కలిసి సాధారణంగా మూడు నాలుగు గ్రాములుంటాయి. రాత్రి పాలలో వేసుకునే అర చెంచా పసుపు ఒకటిన్నర గ్రాము తూగుతుందనుకుంటే, అందులో ఈ మూడూ కలిసి దాదాపు 45 మిల్లీగ్రాములు. మందుల దుకాణంలో అమ్మే 500 మిల్లీగ్రాముల పసుపు మాత్ర మీద 95 శాతం సారం అని రాసి ఉంటే, ఒక్క మాత్రలో 475 మిల్లీగ్రాములు ఉన్నట్టు. పది గ్లాసుల పసుపు పాలలో ఉండేది ఒక్క గుటకలో లోపలికి వెళుతుంది. సీసా మీద బొమ్మ మాత్రం పసుపు కొమ్ముదే. వేసుకునేవాళ్ల నోట వచ్చే మాట కూడా "పసుపే కదా" అనే.

నేను గుంటూరులో ఫార్మసీ విద్యార్థులకు పాఠాలు చెబుతాను. ఏటా ఈ మాట దగ్గర ఒక తరగతి మొత్తం ఆగిపోతాను. వంటింటి వైద్యం సంగతి వచ్చేసరికి మనవాళ్లు రెండు జట్లుగా విడిపోతారు. పోపుల పెట్టెలో లేని మందు లేదని ఒక జట్టు, అదంతా చాదస్తమని మరొక జట్టు. ఇద్దరూ వస్తువు పేరు పట్టుకునే వాదిస్తారు. ఎంత, ఏ రూపంలో, ఎన్నాళ్లు, ఇంకే మందుతో కలిపి అని అడిగేవారు తక్కువ. పోపులో వేసిన చిటికెడు, కషాయంగా కాచిన చెంచాడు, కార్ఖానాలో ద్రావకంతో లాగిన సారం ఒకే మొక్కవి కావచ్చు. మన ఒంటికి మాత్రం అవి మూడు వేర్వేరు వస్తువులు.

ఈ తేడాను నిన్నమొన్నటి శాస్త్రవేత్తలు కనిపెట్టారనుకోకండి. ఆయుర్వేదం మూలికను మందుగా మలచడానికి ఐదు మూల పద్ధతులు చెప్పింది. పచ్చిగా దంచి పిండితే స్వరసం, ముద్దగా నూరితే కల్కం, నీళ్లలో మరిగించి ఇంకిస్తే క్వాథం, చన్నీళ్లలో రాత్రంతా నానబెడితే హిమం, వేడినీళ్లలో వేసి కాసేపు ఉంచి వడగడితే ఫాంటం. ఒక్కోదానికి ఒక్కో మోతాదు. దేనితో కలిపి పుచ్చుకోవాలో చెప్పే అనుపానం వేరు, పథ్యం వేరు. సరిగా వాడితే విషమూ మందవుతుందని, తప్పుగా వాడితే మందే విషమవుతుందని చరకసంహితలోనే ఉంది. విజయవాడలో నోరి రామశాస్త్రి గారి పేరిట ఉన్న ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలలో చేరిన పిల్లలు ద్రవ్యగుణాన్ని, అంటే మూలికల గుణాలను, ఒక ప్రత్యేక శాస్త్రంగా చదవాలి. "మూలికే కాబట్టి ఎంతైనా తినవచ్చు" అనే మాట ఆ చదువులో ఎక్కడా లేదు. అది మన ఫోన్లలో పుట్టింది.

ఇక కుర్కుమిన్ సంగతి. అది నీళ్లలో కరగదు. పేగుల నుంచి రక్తంలోకి చాలా కొద్దిగా చేరుతుంది, ఆ చేరిన కాస్తనూ పేగు గోడ, కాలేయం మార్చి బయటికి పంపేస్తాయి. 1998లో బెంగళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు ఆరోగ్యవంతులకు 2 గ్రాముల కుర్కుమిన్ ఇచ్చి చూస్తే, రక్తంలో దాని జాడ దాదాపు కనిపించలేదు. దానికి 20 మిల్లీగ్రాముల పైపరిన్ తోడు చేస్తే, రక్తానికి అందినది 20 రెట్లు పెరిగింది. పైపరిన్ అంటే మిరియానికి ఘాటునిచ్చే పదార్థం. ఆ 20 మిల్లీగ్రాములు ఓ పది మిరియపు గింజల్లో ఉండేంత.

ఈ సంగతి చెప్పగానే "చూశారా, పసుపు పాలలో మిరియాలు మన పెద్దవాళ్లు ఊరికే వేశారా" అంటారు. నాకూ ఆ గర్వం ఉంది. అయితే మిరియం అక్కడ చేసిన పనేమిటో చూడాలి. పేగు గోడలోనూ కాలేయంలోనూ కొన్ని ఎంజైములు పొలిమేర కావలివాళ్లలా ఉంటాయి. బయటి పదార్థం ఏది వచ్చినా పట్టుకుని విరగ్గొట్టి సాగనంపడం వాటి పని. మనం మింగే మాత్రల్లో చాలావాటి మోతాదును ఈ కావలివాళ్లు ఎంత ధ్వంసం చేస్తారో లెక్కవేసుకునే నిర్ణయిస్తారు. మిరియం ఆ కావలివాళ్ల చేతులు కట్టేస్తుంది. తెరిచిన గేటులోంచి కుర్కుమిన్ ఒక్కటే లోపలికి వస్తుందన్న హామీ ఏమీ లేదు.

దీన్ని మేలుకు వాడుకున్నవాళ్లూ మనవాళ్లే. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు కలిసిన త్రికటు చూర్ణం ఎన్నో ఆయుర్వేద మందుల్లో ఎందుకు కనిపిస్తుందో తేల్చడానికి జమ్మూలోని సీఎస్ఐఆర్ ప్రయోగశాల ఏళ్ల తరబడి పనిచేసింది. తక్కిన మందులను ఒంటికి పట్టించే గుణం పిప్పళ్లలో, మిరియాల్లో ఉన్న పైపరిన్‌దేనని తేలింది. ఆ పరిశోధన నుంచి 2009లో రిసోరిన్ అనే క్షయ మందు వచ్చింది. క్షయకు మామూలుగా 450 మిల్లీగ్రాములు ఇచ్చే రిఫాంపిసిన్‌ను, 10 మిల్లీగ్రాముల పైపరిన్ తోడుతో 200కు తగ్గించగలిగారు. త్రికటు గురించి నేను పాఠంలో చెప్పే అన్నిటిలోనూ నాకు ఇష్టమైన ఘట్టం ఇదే.

కానీ అదే పైపరిన్ మూర్ఛకు వాడే ఫెనిటాయిన్‌ను, గుండెదడకు వాడే ప్రొప్రనొలాల్‌ను, ఉబ్బసానికి వాడే థియోఫిలిన్‌ను కూడా రక్తంలో పెంచుతుందని మనుషుల మీద జరిగిన పరీక్షల్లోనే తేలింది. డాక్టరు ఒక మాత్ర రాస్తే ఒంట్లో ఒకటిన్నర మాత్ర పనిచేసినట్టవుతుంది. జమ్మూ వాళ్లు తూచి వేశారు, మనం తూచకుండా వేసుకుంటున్నాం. మిరియాల చారుతో ఈ భయం లేదు. రోజూ మూడు పూటలా కాచుకునే ఘాటు కషాయంతోనూ, పైపరిన్ కలిపిన పసుపు మాత్రలతోనూ ఉంది. 2020లో కరోనా వేళ ఆయుష్ మంత్రిత్వ శాఖ సూచించిన క్వాథంలో తులసి నాలుగు పాళ్లు, దాల్చిన చెక్క రెండు, శొంఠి రెండు, మిరియాలు ఒక పాలు. మొత్తం పొడి 3 గ్రాములు, నీళ్లు 150 మిల్లీలీటర్లు. ఆ రోజుల్లో మన వీధుల్లో ఏ ఇంటి స్టవ్ మీద చూసినా గిన్నెడు కషాయం ఉడుకుతూ ఉండేది. ఆ 3 గ్రాముల మాట ఎవరికీ గుర్తులేదు.

పసుపు సారం కాలేయాన్ని దెబ్బతీసిన కేసులు ఇప్పుడు వైద్య గ్రంథాలకెక్కాయి. మందుల వల్ల కాలేయం చెడిన కేసులను ఏళ్ల తరబడి నమోదు చేస్తున్న అమెరికా వైద్యుల బృందం, అందులో పసుపు ఉత్పత్తుల వల్ల వచ్చినవి పది గుర్తించింది. ఆ పదిమందిలో ఏడుగురిలో ఒకే రకం జన్యు గుర్తు కనిపించింది. ఎవరికి ఆ తత్వం ఉందో ముఖం చూసి చెప్పలేం. ఇలాంటి కేసుల తర్వాత ఇటలీ ప్రభుత్వం 2022లో పసుపు మాత్రల సీసాల మీద హెచ్చరిక తప్పనిసరి చేసింది. ఇవి కోట్లమంది వాడేవాటిలో వచ్చిన కొద్ది కేసులే, నిజమే. అయినా మాత్ర వేసుకుంటున్న మనిషికి కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా మొదట ఆపవలసింది ఆ మాత్రే. గుండెజబ్బుకు వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందు వాడేవాళ్లయితే అసలు మొదలుపెట్టకూడదు.

తిప్పతీగ కథ కూడా ఇలాంటిదే, కాస్త పెద్దది. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడాక కాలేయం వాచిన ఆరుగురి వివరాలు ప్రకటించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు, దాని పోలికలే ఉన్న మరో తీగ పొరపాటున వాడి ఉండవచ్చని అంది. ఆ మరుసటి ఏడాది దేశంలోని 13 ఆసుపత్రుల నుంచి 43 కేసుల వివరాలు వచ్చాయి. మన దగ్గర వేపచెట్లకు పాకిన తీగను కోసుకుని రసం తీసి తాగేవాళ్లున్నారు కాబట్టి, తీగ ఏదో తేల్చుకోవలసిన బాధ్యత ఎవరిదన్న ప్రశ్న చిన్నది కాదు. కొన్ని రకాల థైరాయిడ్, కీళ్లవాతం జబ్బుల్లో ఒంటి రక్షణ శక్తే ఒంటి మీద తిరగబడుతుంది. అలాంటివాళ్లు దాన్ని మరింత రెచ్చగొట్టే మూలికకు దూరంగా ఉండటం మేలని నా గట్టి అభిప్రాయం.

ఇవన్నీ చదివి చెప్పిన సంగతులు. దగ్గర నుంచి చూసింది ఒకటుంది.

మా పెద్దమ్మది తెనాలి. బీపీకి రోజూ ఒక బిళ్ల వేసుకుంటుంది, ఒంట్లో ఉప్పునూ నీటినీ మూత్రంలో బయటికి పంపే రకం. మొన్నటి చలికాలంలో పొడిదగ్గు పట్టుకుంటే ఎవరో అతిమధురం చెప్పారు. పొడి కొట్టించి తేనెతో ఉదయం చెంచా, రాత్రి చెంచా. దగ్గు నిజంగానే నెమ్మదించింది. గొంతు హాయిగా ఉంది కదా అని రెండు నెలలు ఆపలేదు. ముందు పాదాలు వాచాయి. తర్వాత రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం మొదలైంది. ఒకరోజు మెట్లెక్కుతూ కాళ్లలో సత్తువ లేదని మధ్యలోనే కూర్చుండిపోయింది. విజయవాడ తీసుకొచ్చి చూపిస్తే బీపీ ఎప్పుడూ లేనంత పెరిగింది, రక్తంలో పొటాషియం బాగా పడిపోయింది.

"ఇంకేమైనా మందులు వాడుతున్నారా అమ్మా?" అని డాక్టరు గారు అడిగారు.

"ఏమీ లేవండీ. ఈ బీపీ బిళ్ల ఒక్కటే."

ఆవిడ అబద్ధం చెప్పలేదు. అతిమధురం మందుల లెక్కలోకి వస్తుందని ఆవిడకు తట్టలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నేను తరచి తరచి అడిగితే గానీ బయటపడలేదు. "అది మందెలా అవుతుందే? చెట్టు వేరు కదా" అంది.

ఆ వేరులో తీపినిచ్చేది గ్లిసరైజిన్. మన ఒంట్లో సహజంగా ఊరే హార్మోన్ కార్టిసాల్‌కు మూత్రపిండాల దగ్గర ఒక పని చేసే శక్తి ఉంది. ఉప్పును ఒంట్లో ఆపి, పొటాషియంను బయటికి నెట్టేయగలదు. అలా జరగకుండా అక్కడొక ఎంజైము దాన్ని ఎప్పటికప్పుడు నిర్వీర్యం చేస్తూ ఉంటుంది. గ్లిసరైజిన్ ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. దాంతో ఉప్పు, నీరు ఒంట్లో నిలిచి కాళ్లు వాస్తాయి, బీపీ పెరుగుతుంది, పొటాషియం పోతుంది. పెద్దమ్మ వేసుకునే బీపీ బిళ్ల కూడా పొటాషియంను పోగొట్టే రకమే కావడంతో రెండూ కలిసి దెబ్బతీశాయి. రోజుకు 100 మిల్లీగ్రాముల గ్లిసరైజిన్ దాటవద్దని యూరోపు నిపుణులు 2003లో సూచించారు. వేరు రకాన్ని బట్టి ఒకటి రెండు చెంచాల పొడితోనే ఆ గీత దాటిపోవచ్చు. అతిమధురం చెడ్డదని నేను అనను. నాలుగైదు రోజులు గొంతు గరగరకు చిన్న ముక్క చప్పరించడం వేరు, బీపీ ఉన్న మనిషి రెండు నెలలు పొడి తినడం వేరు. అతిమధురం ఆపి పొటాషియం సరిచేశాక మూడు వారాల్లో ఆవిడ మామూలు మనిషైంది.

ఆ తర్వాతే నాకు కొనే చోట చూసే అలవాటు వచ్చింది. విజయవాడ వన్‌టౌన్‌లో ఒక పచారీ కొట్టులో దాల్చిన చెక్క అడిగితే పెద్దాయన రెండు డబ్బాలు ముందు పెట్టాడు. ఒకదానిలో మందపాటి బెరడు, గట్టిగా, ఒకే చుట్టగా ఉంది. విరవడానికి బలం పెట్టాలి. రెండోదానిలో కాగితం పొరలు చుట్టినట్టు పలచని చుట్టలు, వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతున్నాయి. "బిర్యానీకైతే ఇది, మందుకైతే అదమ్మా" అన్నాడు. మొదటిది కాసియా, రెండోది సింహళపు చెక్క. ధరలో ఎంతో తేడా. చక్కెర జబ్బుకు మంచిదని పొద్దున్నే చెంచాడు చెక్క పొడి మింగేవాళ్లకు ఆయన మాట ప్రాణప్రదం. కాసియాలో కూమరిన్ అనే పదార్థం ఉంటుంది, అది ఎక్కువైతే కొందరిలో కాలేయాన్ని బాధిస్తుంది. కిలో బరువుకు రోజుకు 0.1 మిల్లీగ్రాము మించవద్దని యూరోపు ఆహార భద్రతా సంస్థ గీత గీసింది. 60 కిలోల మనిషికి 6 మిల్లీగ్రాములు. గ్రాము కాసియా పొడిలో సగటున 3 మిల్లీగ్రాముల దాకా ఉంటుందనుకుంటే 2 గ్రాములకే ఆ హద్దు ముగిసిపోతుంది. సింహళపు చెక్కలో కూమరిన్ నామమాత్రం. పొడిగా పొట్లం కట్టాక ఏది ఏదో కంటితో చెప్పలేం కాబట్టి చెక్కగానే కొనాలి. చక్కెర తగ్గించడంలో దీని ప్రభావం మీద పరీక్షలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. రాసిచ్చిన మాత్ర మాని చెక్కను నమ్ముకోవడం మాత్రం ప్రమాదం.

పసిపిల్లల విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను. ఎడతెగకుండా మాట్లాడే పిల్లను వసపిట్ట అంటాం. వస పోస్తే మాటలు త్వరగా వస్తాయని నెలల పిల్లలకు వసకొమ్ము అరగదీసి నాకిస్తాం. ఆ కొమ్ములోని బీటా అసరోన్ ఎలుకలలో క్యాన్సర్ కలిగించినందువల్ల అమెరికా 1968లోనే వసను ఆహారంలో నిషేధించింది. మన దేశపు వసలో ఆ పదార్థం పాలు ఎక్కువ. ఆయుర్వేద వైద్యులు దాన్ని శోధన, అంటే శుద్ధి, చేశాకే వాడతారు, అమ్మమ్మ సానరాయి మీద ఆ శోధన జరగదు. అలాగే ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించవద్దు. అందులో ఉండగల ఒక సూక్ష్మజీవి బీజాలు పసిపేగుల్లో మొలకెత్తి, కండరాలు చచ్చుబడేలా చేసే విషాన్ని పుట్టిస్తాయి. కర్పూరం ముక్క మింగిన పిల్లలకు నిమిషాల్లో మూర్ఛ రావచ్చు. లవంగ నూనె సీసా పిల్లల చేతికి అందకూడదు.

ఇంత చెప్పాక పోపుల పెట్టె మూసేయమంటున్నానని అనుకుంటారేమో. మా ఇంట్లో అది నిండుగానే ఉంటుంది. శొంఠి లేని కషాయం లేదన్న సామెత వెనుక నిజమైన రసాయనం ఉంది. పచ్చి అల్లంలోని జింజెరాల్ ఎండేటప్పుడు నీటిని పోగొట్టుకుని షొగాల్‌గా మారుతుంది, ఘాటు పెరుగుతుంది. అల్లమూ శొంఠీ ఒకటి కావని మన పెద్దలు పేరులోనే చెప్పారు. వేవిళ్ల వికారానికి అల్లం ఉపశమనం ఇస్తుందని ప్రసూతి వైద్యులు కూడా ఒప్పుకుంటారు. పంటి నొప్పికి లవంగం పెట్టుకోవడంలో చాదస్తం లేదు. దంతవైద్యుడి గదిలో వచ్చే ఆ వాసన లవంగంలోని యూజెనాల్‌దే, పన్ను పూడ్చే సిమెంటులో దాన్ని ఇప్పటికీ కలుపుతారు. వాములోని థైమాల్ ఆవిరయ్యే గుణమున్నది. అందుకే వాము నీళ్లు గంటసేపు మరిగిస్తే మందంతా గాలికి పోయి వంటిల్లు ఘుమఘుమలాడుతుంది. వేడినీళ్లు పోసి మూత పెట్టండి. వాసన ఉన్నవాటికి ఫాంటం, గట్టి వేళ్లకూ బెరళ్లకూ క్వాథం అని వైద్యులు ఎందుకు విడదీశారో ఒక్కసారి చేసి చూస్తే తెలుస్తుంది.

ఇక మన గుంటూరు మిరపకాయ. యార్డులో బస్తాల మధ్య పది నిమిషాలు నిలబడితే చాలు, కళ్లూ ముక్కూ మండుతాయి. ఆ మంట కాప్సైసిన్‌ది. నరాల కొసల్లో వేడిని పసిగట్టే ద్వారాన్ని అది తెరుస్తుంది. ఆ ద్వారం ఏదో కాప్సైసిన్ సాయంతో వెతికి పట్టుకున్నందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. మళ్లీ మళ్లీ తెరిపిస్తే నరం అలసి నొప్పి సంకేతం పంపడం తగ్గిస్తుంది. సర్పి తగ్గాక నెలల తరబడి వేధించే నరాల నొప్పికి 8 శాతం కాప్సైసిన్ పట్టీ వేస్తారు. ఎండుమిరపలో అది నూటికి ఒక వంతు కూడా ఉండదు. ఆ పట్టీని ఆసుపత్రిలో, చేతి తొడుగులు వేసుకున్న సిబ్బంది కొలిచిన సమయం పాటే వేస్తారు. ఇది చదివి నొప్పి ఉన్నచోట కారం నూరి పట్టు వేయకండి, చర్మం కాలిపోతుంది.

కొనేటప్పుడు సీసా వెనక్కి తిప్పి చూడండి. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ సంఖ్య మాత్రమే ఉంటే చట్టం దృష్టిలో అది ఆహారం, జబ్బు నయం చేస్తానని చెప్పుకునే హక్కు దానికి లేదు. ఆయుర్వేద మందైతే 1940 నాటి ఔషధ చట్టం కింద ఇచ్చిన తయారీ లైసెన్సు సంఖ్య ఉండాలి. విషద్రవ్యాల జాబితాలోని మూలిక ఏదైనా అందులో ఉంటే వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక కూడా ఉంటుంది. పసుపు విషయంలో మరో జాగ్రత్త. కొమ్ములకు మెరుపు పట్టించేటప్పుడు కొన్నిచోట్ల లెడ్ క్రోమేట్ అనే పసుపుపచ్చ రంగు పూస్తారు. అది సీసం, పిల్లల మెదడుకు శత్రువు. బంగ్లాదేశ్‌లో 2019లో ఈ మోసం బయటపడ్డాక ప్రభుత్వం దాడులు చేసి, 2021 నాటికి మార్కెట్లలో దాదాపు లేకుండా చేయగలిగింది. కొమ్ములు కొని మర ఆడించుకుంటే కల్తీ ఉండదని మనకొక నమ్మకం. కానీ ఈ రంగు పూసేది కొమ్ము మీదే. చేతికి అంటుకునేంత నిగనిగలాడే కొమ్ము కన్నా మట్టిరంగు తేలిన కొమ్మే నాకు ఇష్టం.

మా పెద్దమ్మ ఇప్పుడు అతిమధురం జోలికి పోదు. చక్కెర కాస్త హద్దు మీద ఉందని తెలిశాక మెంతుల మీద పడింది. మెంతుల్లోని జిగురు పీచు చక్కెర రక్తంలోకి దూసుకురాకుండా నెమ్మదింపజేస్తుంది కాబట్టి నేనూ వద్దనలేదు. పోయిన నెల చెకప్‌కు వెళ్లేటప్పుడు బీపీ బిళ్లల అట్టతో పాటు మెంతిపొడి సీసా కూడా చేతిసంచిలో పెట్టుకుంది. డాక్టరు గారు ఏమీ అడగకముందే దాన్ని తీసి బల్ల మీద పెట్టింది. ఆయన మూత విప్పి వాసన చూసి, చీటీ మీద కలం ఆనించి, "రోజుకు ఎన్ని చెంచాలమ్మా?" అని అడిగారు.